యాదయ్య గారి పసుపు వెలుతురు

నిన్న సాయంత్రం మూసాపేటలో ఒక దుకాణానికి వెళ్లి టార్చిలైటు అడిగితే, యజమాని డబ్బాలోంచి కొత్తదొకటి తీసి నా ముఖానికి ఎదురుగానే స్విచ్ నొక్కాడు. తెల్లటి వెలుతురు కళ్లలో సూదిలా దిగింది. కళ్లు మూసుకున్నా రెప్పల వెనక ఆకుపచ్చ మరక ఒకటి చాలాసేపు తేలుతూనే ఉంది. "రెండు కిలోమీటర్లు కొడతది మేడమ్" అన్నాడు గొప్పగా. పాములు వెతికేవాళ్లకు రెండు కిలోమీటర్లు ఎందుకు? కాలి ముందు రెండు గజాలు సరిగ్గా కనబడితే చాలు. ఆ మాట యాదయ్య గారిది. ఈ వానాకాలంలో ఇది నాకు మూడో టార్చి. ఒకటి మురుగు నాలాలో పడిపోయింది, ఇంకొకటి దానంతటదే ఆరిపోయింది. నాకూ యాభై దగ్గర పడుతున్నాయి. వంగితే మోకాళ్లు పట్టేస్తాయి. అయినా ఫలానా చోట పాము దూరిందని ఫోన్ వస్తే లేచి వెళుతున్నాను. ఎందుకు వెళతావని అడగడం మా వారు ఎప్పుడో మానేశారు.

మాది కాకినాడ. పదమూడేళ్ల క్రితం రాయదుర్గంలో ఒక ఐటీ క్యాంపస్‌లో రాత్రి షిఫ్టు అడ్మిన్ పని చేసేదాన్ని. క్యాబులు, క్యాంటీన్, లిఫ్టులు, ఫిర్యాదులు, అన్నీ నా నెత్తినే. యాదయ్య గారు అక్కడి కాపలావాళ్లకు సూపర్‌వైజర్. పొట్టి మనిషి, నెరిసిన మీసం, యూనిఫాం చొక్కా ఎప్పుడూ ఒక సైజు పెద్దదే. మా టవర్లు లేచిన గుట్ట మీదే చిన్నప్పుడు మేకలు కాశారట. వెనక మిగిలిన బండలను ఇంకో టవర్ కోసం పేల్చడం మొదలుపెట్టాక పాములు మా పార్కింగులోకి రాసాగాయి. అందరూ కర్రల కోసం పరిగెడితే, ఆయన కొక్కెం కర్ర, మూతకు చిల్లులు పొడిచిన పెద్ద ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చేవారు. అటవీశాఖ ఇచ్చిన అనుమతి కాగితం నాలుగు మడతలుగా ఆయన జేబులో ఉండేది.

నేను ఆఫీసు తరఫున టార్చిలు తెప్పించాను, దొరికినవాటిలో అన్నిటికంటే ప్రకాశవంతమైనవి. అవి వచ్చిన రాత్రే ఆయన వెంట ప్రహరీగోడ పొడవునా నడిచాను. అప్పుడే వాన వెలిసింది. నా టార్చి వేస్తే ఆవరణ పట్టపగలైంది. నాకు గర్వంగానే ఉంది.

"అమ్మా, జర అది బంద్ చెయ్" అన్నారాయన.

"అన్నీ కనబడుతున్నాయి కదండీ?"

"ఏం కనబడుతున్నయో చెప్పు."

"గడ్డి, ఆకులు..."

"ఎడమ కాలు కదపకు."

నేను లైటు ఆర్పాను. ఆయన తన పాత టార్చి వెలిగించారు. లాంతరు రంగులో, మెత్తటి పసుపు వెలుతురు. అప్పటిదాకా తెల్లగా మెరిసిన తడి ఆకుల కుప్పలోంచి గోధుమరంగు గొలుసు మచ్చలు ఒక్కొక్కటే పైకి తేలాయి. నా చెప్పుకు మూరెడు దూరంలో రక్తపింజరి చుట్ట చుట్టుకుని ఉంది. దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించాక ఆయన నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. "తెల్లలైటు కింద తడి ఆకు మెరుస్తది బిడ్డా. ఆ మెరుపులో పాము దాగుతది. రంగులు విడివిడిగా కనబడాలె. గట్ల చూపించే లైటు కావాలె నీకు." అప్పటినుంచి నేను ఆయనకు మేడమ్‌ని కాను, బిడ్డనే.

తర్వాతి ఆదివారం చందానగర్ బజారులో ఒక దుకాణానికి తీసుకెళ్లారు. వెంట ఒక సంచి తెచ్చారు. అందులోంచి గుప్పెడు ఎండుటాకులు, మట్టిరంగు తాడు ముక్క తీసి గాజు కౌంటర్ మీద పరిచేసరికి దుకాణదారు కోపంగా, "ఏంది పెద్దమనిషీ, గిది దుకాణమా, చెత్తకుండీయా?" అన్నాడు. యాదయ్య గారు వినిపించుకోలేదు. షట్టరు సగం దించమన్నారు. ఒక్కో టార్చి వేసి, "తాడు యాడుందో చెప్పు" అని నన్ను అడిగారు. కొన్నిటి వెలుతురులో తాడు వెంటనే చిక్కింది. కొన్నిటిలో నేను తడుముకున్నాను. తడుముకున్నవన్నీ పక్కన పెట్టించారు. మిగిలినవాటిలో ఒక్కోదాన్ని చెవి పక్కన పట్టుకుని అలాగే ఉండమన్నారు. "కన్ను పోయే దారిలనే వెలుతురు పోవాలె. గప్పుడు ఆకు నీడ అడ్డం రాదు." ఒకదానికి పది నిమిషాలకే చెయ్యి లాగింది. "గంటసేపు మొయ్యలేనిది నీకొద్దు" అని దాన్నీ తీసేశారు. కప్పల కళ్లు, సాలీళ్ల కళ్లు వెలుతురుకు చుక్కల్లా మెరుస్తాయని, పాము కన్ను అలా మెరవదని, దాని ఒంటినే వెతకాలని ఆ రోజే చెప్పారు. చివరికి దుకాణదారు కూడా కౌంటర్ ఇవతలికి వచ్చి మాతోపాటు తాడు వెతకసాగాడు.

ఇక చెప్పక తప్పనిది. రెండేళ్లు ఆయన వెంట తిరిగి పాములు వెతకడం నేర్చుకున్నాక ఒక వానరాత్రి, క్యాబ్ డ్రైవర్లు పడుకునే గదిలోకి పాము వెళ్లిందని ఒకతను వచ్చి చెప్పాడు. ఆ గదిలో పదిమంది దాకా నేల మీదే దుప్పట్లు పరుచుకుని పడుకునేవారు. యాదయ్య గారు అవతలి గేటు దగ్గర ఉన్నారు. నేను వరుసగా రెండు షిఫ్టులు చేసి ఉన్నాను. టార్చిలో ఛార్జింగ్ అడుగంటిందని తెలుసు. అయినా ఆ మసక వెలుతురులోనే మూలలు చూశాను. "ఏమీ లేదండి, పడుకోండి" అని వచ్చేశాను.

ఆయన రాగానే అడిగారు. "పాము లేదా, నీకు కనబడలేదా?"

"రెండూ ఒకటే కదండీ" అన్నాను విసుగ్గా. ఆయన నేరుగా వెళ్లి అందరినీ లేపారు. వాళ్లు తిట్టుకుంటూ బయటికొచ్చారు. ఆయన ఒక్కో దుప్పటినీ కర్రతో తీసి దులుపుతూ, నేల అంతా జానెడు జానెడు వెతికారు. గోడవారన మడత పెట్టిన రగ్గులో కట్లపాము ఉంది. ఆయన కొక్కెం ఆనించేలోగా, తన రగ్గు అనుకుని ఒక డ్రైవర్ కంగారుగా లాగాడు. పాము యాదయ్య గారి పాదం మీద పడింది. ఆయన దాన్ని డబ్బాలోకి ఎక్కించి, మూత పెట్టి, అప్పుడు నావైపు తిరిగారు.

"చీమ కుట్టినట్లయింది బిడ్డా. బండి తియ్యమను. దవాఖానకు పోదాం."

ఆయన్ని తిట్టుకున్నవాళ్లలో ఒకతనే బండి నడిపాడు. దారిలోనే ఆయన కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. ఎనిమిది రోజులు యంత్రం మీదే ఊపిరి. గదిలో వెతికింది నేనని, లేదన్నది నేనని ఆయన భార్యకు చెప్పాను. ఆవిడ "తిన్నవా?" అని మాత్రం అడిగింది.

మాట వచ్చాక ఆయన నన్ను ఒక్క మాటా అనరేమోనని భయపడ్డాను. అంటే భరించగలను. యంత్రం తీసేసిన మూడో రోజు అన్నారు. "అలసిపోతే తప్పు లేదు. నేనూ అలసిపోత. గానీ లేదు అన్నవు చూడు, గా మాట మాత్రం అనకు. నాకు కనబడలేదు అను. గప్పుడు వాళ్ల జాగ్రత్తల వాళ్లుంటరు."

ఆయన మళ్లీ ఉద్యోగంలో చేరలేదు. వయసు మీరిందన్నారు ఏజెన్సీ వాళ్లు. నాలుగేళ్ల తర్వాత నిద్రలో పోయారు. అందరికీ వచ్చే మామూలు చావే.

పోయిన నెల నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తు నుంచి ఫోన్ వచ్చింది. బాల్కనీలోంచి ఏదో లోపలికి పాకిందట. ఇంట్లో పసిబిడ్డ. రెండుసార్లు ఇల్లంతా వెతికాను. ఆ పాప తండ్రి నిద్ర చాలక ఎర్రబడ్డ కళ్లతో, "లేదని ఒక్క మాట చెప్పండి మేడమ్, పడుకుంటాం" అన్నాడు.

"నాకైతే కనబడలేదండి."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"తెలియదండి. ఇంకోసారి చూస్తాను."

పాపను మంచం మీదికి మార్చి, దోమతెర అంచులు పరుపు కిందికి దోపమని చెప్పి, మోకాళ్ల మీద కూర్చుని సోఫా కింద మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారీ ఏమీ కనబడలేదు. ఆ మాటే వాళ్లకు చెప్పి, కుర్చీ ఒకటి అడిగి తీసుకుని, తెల్లారేదాకా ఆ పడకగది గుమ్మంలో కూర్చున్నాను.