ఎడమ అద్దం మీద టేపు

మొన్న ఖైరతాబాద్ వినాయకుణ్ణి చూసి వస్తూ, తుపాకీతో బెలూన్లు పేల్చే దుకాణం దగ్గర మా అక్క మనవరాలు ఎడమకన్ను గట్టిగా మూసి, మూతి కూడా ఒక పక్కకు లాగి గురిపెడుతుంటే, రెండు కళ్ళూ తెరిచే కాల్చవే అనేశాను. అది నన్ను వింతగా చూసింది. నాకీ విద్య తెలుసని మా ఇంట్లో ఎవరికీ తెలియదు మరి.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, డిగ్రీ అయినవాళ్ళందరం కంప్యూటరు కోర్సంటూ అమీర్‌పేటలో వచ్చి పడిన రోజులు. కాకినాడ నుంచి వచ్చిన నేను హాస్టల్లో నలుగురి గదిలో ఉండేదాన్ని. కానీ నలుగురి వేళలూ వేరు, అందరి ధ్యాసా ఉద్యోగం మీదే, రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప. ఉద్యోగం ఇప్పిస్తామన్న కాగితాలతో నిండిపోయిన గోడ మీద, ఏమీ ఇప్పిస్తామనకుండా ఎయిర్ రైఫిల్ నేర్పుతామని మాత్రమే రాసిన కాగితం ఒకటి కనిపించి, పంజాగుట్టలో ఒక మేడ మీది రేకుల షెడ్డుకు వెళ్ళాను. సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన నేర్పేవాడు, అందరం కాకా అని పిలిచేవాళ్ళం.

నేనూ మొదట ఒక కన్ను మూసేదాన్ని. కాక ఒప్పుకునేవాడు కాదు. "ఒకటి మూస్తే రెండోది సుత అలసిపోతది బిడ్డా. రెండూ తెరిచే ఉంచు, ఎడమ కన్నుకు కనబడేది పట్టించుకోకు," అనేవాడు. అది నాకు చేతకాకపోతే, నా కళ్ళజోడు ఎడమ అద్దానికి మసక టేపు ముక్క అంటించాడు. వెలుతురు తెలుస్తుంది, రూపం తెలియదు. వారం తిరిగేసరికి ఆ కన్ను సంగతే మరిచిపోయాను, కాల్చిన గుళ్ళు గురికాగితం మీది నల్ల చుక్కలో పడసాగాయి.

ఒక సాయంత్రం షెడ్డు నుంచి బస్సులో నేరుగా క్లాసుకు పోయి, హాస్టల్లో భోంచేసి, ముఖం కడుక్కుందామని కళ్ళజోడు తీస్తే టేపు దానికే ఉంది. మొదట నవ్వొచ్చింది. బస్సులో పక్కన కూర్చున్నామె, క్లాసులో రోజూ నా నోట్సు అడిగి తీసుకునే అమ్మాయి, ఎదురుగా కూర్చుని తిన్న గదిలోవాళ్ళు, ఒక్కరంటే ఒక్కరు ఇదేంటని అడగలేదని తట్టేసరికి ఏడుపొచ్చేసింది. ఇంత ఊళ్ళో నన్ను చూసే మనిషి ఒక్కరైనా ఉన్నారో లేదో తేల్చుకోవాలని, మొండికేసి మర్నాడంతా టేపుతోనే తిరిగాను. ఎవరూ అడగకపోతే సాయంత్రం రైలెక్కి ఇంటికి వెళ్ళిపోదామని బట్టలు కూడా సర్దిపెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు.

రైలుకు ఇంకా వేళ ఉందని షెడ్డుకు వెళ్తే, మెట్లు ఎక్కుతుంటేనే కాక కేకేశాడు. "నిన్న టేపు తీయకుండనే పోయినవ్! గేటు దాక ఉరికొచ్చిన, అప్పటికే బస్సెక్కినవ్. రోడ్డు దాటుతుంటే ఏమైతదో అని మస్తు పరేషానైన." ఆ సాయంత్రం నేను రైలెక్కలేదు.

కొన్నాళ్ళకు ఉద్యోగం వచ్చి మాసబ్ ట్యాంక్ వైపు గది మారాను. కాకకు చెప్పి రావాలనుకుంటూనే చెప్పకుండా వచ్చేశాను. ఇప్పుడు పంజాగుట్టలో మెట్రో స్తంభాల వెనక అన్నీ అద్దాల భవనాలే, మొన్న వస్తూ వెతికితే ఆ మేడ ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. నన్నెవరూ చూడలేదని అంత బాధపడ్డ నేను, ఆయన ఎక్కడ తినేవాడో, ఇంటికి పోతే పలకరించే మనిషి ఎవరైనా ఉన్నారో లేదో ఒక్కసారి కూడా అడగలేదు.