బల్ల దగ్గరి నుంచి రాని నంబర్లు

కంటి ఆసుపత్రిలో ముందు బల్ల దగ్గర కూర్చుని వరుస నంబర్లు పిలిచే ఆవిడను అందరూ టోకెనమ్మ అనేవారు. వారం రోజులుగా గోడమీది తెర ఉన్నట్టుండి నంబర్లు దాటేస్తోంది. వెనకొచ్చినవాళ్లు ముందు లోపలికి వెళ్తుంటే మిగతావాళ్లు ఆవిడమీద విరుచుకుపడుతున్నారు.

"మార్పులన్నీ మీ కంప్యూటర్ నుంచే వచ్చినట్టు చూపిస్తోందమ్మా," అన్నారు డాక్టరుగారు.

అక్కడి కంప్యూటర్లు చూసేది ఆవిడ ఆడపడుచే. ఆమె తెరను నడిపే సర్వర్ ముందు కూర్చుని, దానికి వచ్చిపోయే సమాచారపు ముక్కలను, అంటే ప్యాకెట్లను, చాలాసేపు గమనించింది.

"వదినా, ఇవి నీవి కావు. నీ కంప్యూటర్ అడ్రసు తగిలించుకుని, నీ వైరు దారిలో కాకుండా రోగుల కోసం పెట్టిన వైఫై దారిలో వస్తున్నాయి. ఎవరో వరుస దాటి ముందుకు పోడానికి ఆడుతున్న నాటకం."

"నీ సర్వర్ ఎలా నమ్మింది?"

"అదీ నీలాగే, ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది."

ఆమె సర్వర్ ఆపరేటింగ్ సిస్టంలో ఒక సెట్టింగ్ మార్చింది. ఇకమీదట ప్యాకెట్ వచ్చిన దారీ, దాని మీదున్న అడ్రసుకు జవాబు వెళ్లాల్సిన దారీ ఒకటి కాకపోతే సర్వర్ దాన్ని పారేస్తుంది. డాక్టరుగారిని పిలిచి చూపించింది. దొంగ ప్యాకెట్లు వస్తూనే ఉన్నాయి, తెర మాత్రం కదల్లేదు.

"మిమ్మల్ని అనుమానించాను, ఏమీ అనుకోకండమ్మా," అన్నారాయన.

టోకెనమ్మ కుర్చీలో వెనక్కి వాలి గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. ఆయన వెళ్లాక ఆడపడుచు చెయ్యి పట్టుకుని, "ఇంట్లో మీ అన్నయ్య దగ్గర కూడా ఇలాగే నా తరఫున మాట్లాడొచ్చుగా," అంది.