బట్ట అంచున మాట

షార్జా దగ్గర సజ్జాలోని యూనిఫాంల ఫ్యాక్టరీలో లావణ్య పక్క మిషన్ మ్వానహవాది. లావణ్యది జగిత్యాల వైపు ఊరు, మ్వానహవాది టాంజానియా సముద్రతీరం. ఇద్దరూ వచ్చీరాని హిందీలో మాట్లాడుకునేవారు. సెలవునాడు మ్వానహవా నడుముకు ఒకటి, తలకు ఒకటి పూలబట్టలు చుట్టుకునేది. వాటిని కంగా అంటారట. అంచున ఏవో అక్షరాలుండేవి. చీర కొసన మిల్లు పేరులాంటిదే అనుకుంది లావణ్య.

2023లో ఒకరోజు సూపర్‌వైజర్ ఆడవాళ్ళందరినీ నిలబెట్టి తిట్టాడు. మర్నాడు మ్వానహవా ఒక పసుపురంగు కంగా కప్పుకుని క్యాంటీన్‌కి వచ్చింది. కెన్యా, టాంజానియా ఆడవాళ్ళు దాని అంచున తమ స్వాహిలీ మాటలు చదివి, పళ్ళాల మీదికి తలలు వంచుకుని నవ్వారు. సూపర్‌వైజర్‌కి ఏమీ అర్థం కాలేదు.

"ఏం రాసుంది?" అని అడిగింది లావణ్య.

"నీ అరుపు నా చెవిదాకా రాలేదు అని."

ఆ మాటలు కట్టింది తన అమ్మమ్మేనని మ్వానహవా చెప్పింది. తాత రెండో పెళ్ళి చేసుకున్నప్పుడు ఆమె నోరెత్తలేదు. 'ఈ వాకిలి నాది' అని రాయించిన బట్ట కట్టుకుని పెళ్ళివిందులో వడ్డించింది. ఆ తర్వాత బట్టల వ్యాపారులు వెతుక్కుంటూ వచ్చి ఆమె చేత మాటలు కట్టించుకుని అచ్చువేసేవారు. ఎక్కడా ఆమె పేరుండేది కాదు. ఆ తీరంలో ఎందరో ఆడవాళ్ళు ఆమె మాటల్ని ఒంటిమీద వేసుకుని మొగుళ్ళకీ, తోడికోడళ్ళకీ చెప్పాల్సింది చెప్పేశారు.

లావణ్య చేతిలో చాయ్ చల్లారిపోయింది. పుస్తకాలు రాసేవాళ్ళను ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక ముసలమ్మ రాత ఇన్ని ఇళ్ళల్లోకి నడిచి వెళ్ళిందా అనుకుంది. ఆ అంచును మెల్లగా వేలితో తడిమి చూసింది.

ఆ చలికాలంలోనే, దుబాయ్ జెబెల్ అలీలో పనిచేసే లావణ్య భర్త ప్రమోద్ వీసా అయిపోవచ్చింది. ఇద్దరం ఇంటికి పోదాం, నౌకరీ విడిచిపెట్టు అని ఫోన్లో చెప్పాడు. ఆమె ఏదో అనబోతే ఎప్పటిలాగే మధ్యలో తుంచేశాడు.

ఆదివారం షార్జా పార్కులో కలిసినప్పుడు ఆమె చున్నీ అంచున ఎర్రదారంతో కుట్టిన తెలుగు అక్షరాలు కనిపించాయి. ప్రమోద్ కొస పట్టుకుని చదివాడు: 'నేను ఈడనే ఉంట. లైన్ లీడర్‌ను గావాలె.'

"నోటితోని చెప్పరాదా?"

"చెప్తే మధ్యలనే అందుకుంటవు. గిది ఆఖరిదాక సదివినవు గదా."

అతను మళ్ళీ చదివాడు. చున్నీ కొస వదలకుండానే, "లైన్ లీడరంటే ఏం జెయ్యాలె?" అన్నాడు. పెళ్ళయ్యాక ఆమె పని గురించి అతను అడిగిన మొదటి మాట అది. ఒక వరుస మిషన్లన్నిటినీ నడిపించడమని మొదలుపెట్టి ఆమె చీకటిపడేదాకా చెప్పింది, అతను వింటూ కూర్చున్నాడు.

వేసవికి ముందే ప్రమోద్ ఒక్కడే విమానమెక్కాడు. లావణ్య ఉండిపోయింది. మరుసటేడు లైన్ లీడర్ అయింది.