క్రేనక్క నడుము

మంచం పట్టినవాళ్ళను లేపి కూర్చోబెట్టడం ఆవిడ పని. చూస్తే పీలగా ఉంటుంది. కానీ వంగి, రోగి చెయ్యి తన మెడ చుట్టూ వేయించుకుని, ఒంటికి ఒళ్ళు ఆనించి ఒక్క ఊపులో లేపేస్తుంది. అందుకే అందరూ క్రేనక్క అనేవారు. ఆ పేరంటే ఆవిడకూ ముచ్చటే. తన చేతి కింద ఉన్నవాళ్ళెవరికీ వీపు మీద పుళ్ళు పడలేదని, అడిగినా అడగకపోయినా చెప్పుకునేది.

ఆ ఏడు నగరమంతా గజ్జి పాకింది. మొదట హాస్టళ్ళలో అన్నారు, తర్వాత బడుల్లో, ఆ తర్వాత ఎక్కడ లేదో చెప్పడం కష్టమైంది. బస్సులో కడ్డీ పట్టుకోవాలన్నా జనం జేబురుమాలు అడ్డం పెట్టుకునేవారు. కంటికి కనబడని పురుగు చర్మం కింద దారులు తవ్వుకుని గుడ్లు పెడుతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి క్రేనక్కకు కంటిమీద కునుకు లేదు. ఎందుకంటే అప్పటికే ఆవిడ నడుం చుట్టూ ఒకటే దురద.

దురదను మించి భయం పట్టుకుంది. పక్కవీధిలో ఇదే పని చేసే ఒకామెను గజ్జి ఉందని వాకిట్లోనే ఆపేసి, ఆమె సంచీ తెచ్చి రోడ్డుమీద పడేశారు. ఒక్క ఇంట్లో తెలిసిందంటే మిగతా ఇళ్ళూ తలుపులు వేసేస్తాయి.

మందుల షాపులో, మా చుట్టాలావిడకని అబద్ధమాడి పూతమందు కొనుక్కుంది.

"మెడ నుంచి అరికాళ్ళ దాకా పూయాలి. ఇంట్లో అందరూ ఒకేసారి పూసుకోవాలి. ఒళ్ళు తగిలేలా ఎవరితో మసులుతారో వాళ్ళు కూడా," అన్నాడు షాపతను.

అందరూ పూసుకోవాలంటే అందరికీ చెప్పాలి. మొగుడికి చెబితే ఊరంతా చాటింపు వేసినట్టే, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని స్నానాలగది తలుపేసుకుని, దురద ఉన్న మేరకే పూసుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది.

అలా ఉండగానే ఒక పొద్దున, పక్షవాతం వచ్చిన పెద్దావిడ ఇంటికి ఎప్పటిలాగే పనికి వెళ్ళింది. పెద్దావిడకు మాట పడిపోయింది. ఒక చెయ్యి కదలదు. రెండోది పైకి లేస్తుంది గానీ వేళ్ళలో పట్టు లేదు.

గుమ్మంలోనే కోడలు ఆపింది. "ఏమనుకోకక్కా, ఓసారి చేతులు చూపించు. బయట పరిస్థితి చూస్తున్నావుగా."

క్రేనక్క చేతులు చాచింది. వేళ్ళ సందులు శుభ్రంగా ఉన్నాయి. నడుం చూపించమని ఎవరడుగుతారు?

"హమ్మయ్య. రా అక్కా. అత్తయ్య రాత్రుళ్ళు అస్సలు పడుకోవట్లేదు, ఒకటే ఏడుపు. మామయ్య గుర్తొస్తున్నారేమో. ఏం చెయ్యాలో తోచట్లేదు."

గదిలోకి వెళ్ళగానే పెద్దావిడ లేపమన్నట్టు చెయ్యెత్తింది. క్రేనక్క వంగింది. ఆ చెయ్యి మెడమీద పడబోతుండగా వేళ్ళ సందుల్లో ఎర్రటి పొక్కులు కనిపించాయి. నైటీ కాస్త పక్కకు జరిపి చూసింది. చంకలోనూ ఉన్నాయి, పక్కటెముకల మీదా ఉన్నాయి. రోజూ తన ఒళ్ళు ఆనే చోటల్లా ఉన్నాయి.

ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆవిడకు ఒకరు చెప్పనక్కరలేదు. తనకు దురదెత్తితే రక్తం వచ్చేదాకా గోక్కుంది. పెద్దావిడ గోక్కోలేదు. కాస్త గోకమని అడగనూలేదు. ఎన్ని రాత్రులు అలా పడి ఉందో.

పారిపోదామనిపించింది. ఒంట్లో బాగాలేదని చెప్పి గుమ్మం దాటితే ఎవరికీ తెలియదు. పెద్దావిడ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"అమ్మా, ఒకసారి ఇలా రా," అని కోడల్ని పిలిచింది. "పిల్లల్ని మాత్రం తేకు. ముందు నా నడుం చూద్దువుగాని."

వంటింట్లో గిన్నె దించిన చప్పుడైంది. క్రేనక్క మంచం అంచున కూర్చుని పెద్దావిడ చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళ సందుల్లో మెల్లగా గోకడం మొదలుపెట్టింది. పెద్దావిడ కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలింది.

కోడలి అడుగులు గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయాయి. తలెత్తి చూసే ధైర్యం లేక, క్రేనక్క ఆ చేతినే చూస్తూ గోకుతూ కూర్చుంది.