సాక్ష్యం మామయ్య ట్రెడ్‌మిల్ ఎక్కిన రోజు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ప్రార్థనకు లొంగని జబ్బు లేదని ఒకటి, నేను చేస్తున్న ఉద్యోగం దేవుడు నాకోసం అనుకున్నది కాదని రెండోది. మిషన్ ఆసుపత్రిలో రోగుల పక్కన మోకరించవలసిన దాన్ని, మారేడ్‌పల్లిలో ఒక చిన్న గుండె క్లినిక్‌లో ట్రెడ్‌మిల్ మీద నడిచేవాళ్ల ఛాతీకి వైర్లు అంటించి, బీపీ చూసే పనిలో పడ్డాను. మొదటి నమ్మకం ఇప్పటికీ ఉంది. రెండోదాన్ని సాక్ష్యం మామయ్య పోగొట్టారు.

ఆయన నాకు చుట్టం కాదు, మా చర్చి సంఘ పెద్ద. ఆరాధనలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఎవరూ లేవకపోతే ఆయన లేచేవారు (ఎవరైనా లేచినా ఆయన లేచేవారు). ఒకసారి మెట్లెక్కుతుంటే గుండె పట్టేస్తోందని ఉపవాస ప్రార్థన పెట్టించుకుని, ఆ ఆదివారమే నొప్పి పూర్తిగా పోయిందని సాక్ష్యం చెప్పేశారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. అత్తయ్య కొట్టలేదు. రెజిమెంటల్ బజార్‌లో నడుస్తూ నడుస్తూ ఆయన కొట్ల ముందు ఆగిపోయి, అక్కర్లేని గిన్నెలకు బేరమాడడం ఆవిడ గమనించింది.

ఆవిడ పోరు పడలేక మా క్లినిక్‌లో ట్రెడ్‌మిల్ టెస్టుకు ఒప్పుకున్నారు గాని, మామయ్య దాన్ని బడి పరీక్షే అనుకున్నారు. పాసై, ఆ రిపోర్టు సంఘంలో చదివి సాక్ష్యాన్ని బలపరచాలని ఆయన ఉద్దేశం. అందుకోసం బైబిల్లో సైన్యం యెరికో కోట గోడల చుట్టూ తిరిగినట్టు చర్చి ఆవరణ చుట్టూ తిరిగి సాధన కూడా చేశారు (మధ్యమధ్యలో పూలమొక్కల్ని పరామర్శిస్తూ). ఇదంతా మా క్లినిక్ డాక్టరమ్మకు ఆయనే గర్వంగా చెప్పారు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ శుభ్రంగా ఉండేసరికి, చూశావా అన్నట్టు నావైపు చూశారు.

"పండుకున్నప్పుడు అంతా మంచిగనే ఉంటది పెద్దయ్యా. నడిస్తెనే దాని సంగతి తెలుస్తది. జెర నొప్పి గిట్ల వస్తే చెప్పాలె," అని డాక్టరమ్మ బెల్టు షురూ చేశారు.

నొప్పా అని అడిగినప్పుడల్లా "స్తోత్రం, లేదు" అనేవారు మామయ్య. వేగం పెరిగింది. వీపు మీద చెమట కారుతోంది. అడగకముందే లేదు అంటున్నారు. నేనూ లోపల ఆయన పక్షమే. మా సంఘం పరువు ఆ బెల్టు మీద నడుస్తోంది మరి. కానీ నడిచేకొద్దీ పెరగవలసిన బీపీ తగ్గింది. నమ్మలేక మళ్లీ చూస్తే ఇంకా తగ్గింది. గట్టిగా చెప్పాను. తెర మీద కిందికి జారుతున్న ఈసీజీ గీతల్ని అప్పటికే చూస్తున్న డాక్టరమ్మ బెల్టు ఆపేశారు.

"ఇంకాసేపు నడిచేవాణ్ణమ్మా," అన్నారు మామయ్య మంచం మీద పడుకుంటూ, ఫెయిలైన పిల్లాడి మొహంతో.

"మీరు నడుస్తరు. గుండె నాతోని కాదంటుంది. దాని సాక్ష్యం సుత వినాలె గద."

అటునుంచి అటే పెద్దాసుపత్రికి పంపారు. గుండెకు రక్తం తీసుకెళ్లే ముఖ్యమైన నాళం మొదట్లోనే దాదాపు మూసుకుపోయి ఉంది. వెంటనే బైపాస్ చేశారు. ఇంకొన్నాళ్లు గిన్నెల బేరాలతో నెట్టుకొచ్చి ఉంటే మాకు మామయ్య దక్కేవారు కారు.

కోలుకుని వచ్చిన ఆదివారం ఆయన లేచారు. ఏం చెబుతారోనని నేను తల దించుకున్నాను.

"పోయినసారి తొందరపడ్డాను. నొప్పి పోలేదు, నేనే దాచాను. ప్రభువు ఆ నొప్పితోనే నాకు కబురు పెడితే, నేను తలుపు తీయలేదు. చివరికి మన అమ్మాయి చేతికి బీపీ పట్టీ ఇచ్చి చెప్పించాడు," అన్నారు.

అంతమంది ముందు తన సాక్ష్యాన్ని తానే దిద్దుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఈసారి అందరికంటే ముందు అత్తయ్య చప్పట్లు కొట్టింది. నా ఉద్యోగం ఎవరిచ్చిందో నాకూ తెలిసింది.

ఇన్నేళ్ల తర్వాత మొన్న సికింద్రాబాద్ స్టేషన్ వంతెన మెట్లెక్కుతూ సగంలో ఆగి, కింద పట్టాలను ఎంతో ఆసక్తిగా చూస్తున్నాను. ఆయాసమా అన్నారు మా ఆయన. లేదు అని నోరు దానంతట అదే అనేసింది. అన్నాక నవ్వొచ్చింది. క్లినిక్‌లో బీపీ చూసే అప్పటి ఆ పిల్ల పక్కన ఉంటే నా మాట నమ్మేది కాదు. నేరుగా చెయ్యి పట్టుకుని బీపీ పట్టీ చుట్టేది.