ఆ క్యూ దేనికో అడగలేదు

మా ఊళ్లో ఎవరినైనా ముద్దుగా "బాతూ" అనే పిలుస్తారు. కసాయి కొట్టులోనూ అంతే, చావింట్లోనూ అంతే. నన్ను నీళ్లలో చూసినవాళ్లు మాత్రం ఆ పిలుపు మానుకోవాలి. బాతులు నొచ్చుకుంటాయి.

నా పేరు లెనర్డ్. యాభై రెండేళ్లు. స్టాఫర్డ్‌షైర్ కొండల కింద ఒక చిన్న గ్రంథాలయంలో పుస్తకాల మీద తేదీలు ముద్ర వేస్తాను. నా గొంతు పేజీ తిప్పినంత చప్పుడే చేస్తుంది. జనవరి ఆఖరి ఆదివారం, పైన మంచు పలకను గొడ్డలితో పగలగొట్టిన చెరువుల్లోంచీ, బురద గుంటల్లోంచీ, చెక్క గోడల మీది నుంచీ ఎనిమిది మైళ్లు పరుగెత్తే పందేనికి అలాంటివాణ్ణి పిలవడం డోరీన్ తప్పు. నాలుగో మనిషి దొరక్క పిలిచింది.

డోరీన్ బడిలో వంటామె. అరవై మూడేళ్లు. మార్చిలో మోకాలి ఆపరేషను. ఆ తర్వాత గోడలెక్కడాలు ఉండవని డాక్టరు చెప్పేశాడు. జట్టులో నలుగురూ కలిసి, మధ్యాహ్నం రెండింటికి చివరి గేటు మూసేలోపు దాటితేనే తలా ఒక ఇనుప లాడం బహుమతిగా ఇస్తారు. ఒక్కరు ఆగిపోయినా మిగతా ముగ్గురికీ లేదు. రెండేళ్లుగా డోరీన్‌కి లాడం రాలేదు. రెండుసార్లూ జట్టులో ఎవరో ఒకరు ట్రాక్టరెక్కేశారు. చలికి ఆగలేనివాళ్లను వెచ్చటి కొట్టానికి చేర్చే ట్రాక్టరది. దాని ట్రాలీ మీద కాలు పడితే పందెం అయిపోయినట్టే.

"లెన్ బాతూ, నువ్వేం గెలవక్కర్లేదు," అంది పొద్దున, చీజ్ పెట్టిన ఓట్స్ అట్టు నా చేతికిస్తూ. "కనిపిస్తూ ఉండు, చాలు."

"లైబ్రరీలోనే కనపడడు," అన్నాడు కసాయి గారెత్. అతనూ, అతని చెల్లెలు బెత్తూ మిగతా ఇద్దరు.

మొదటి చెరువులోనే నా ఒళ్లు నాతో మాట్లాడటం మానేసింది. ముందు వేళ్లు సెలవు తీసుకున్నాయి, తర్వాత చెవులు. ఆకాశం అడుగంటిన పాలగిన్నె రంగులో ఉంది. ఆరో మైలు దగ్గర, సగం నీళ్లున్న గొట్టంలో పాకి బయటపడేసరికి మావాళ్లు ముందుకు వెళ్లిపోయారు. కళ్లద్దాల నిండా బురద. ఆ బురదలోంచి ఒక క్యూ కనిపించింది.

చక్కటి క్యూ. పదిమంది, ఒకరి వెనక ఒకరు, చలి ఆగడానికి ఇచ్చే వెండిరంగు రేకు కాగితాలు భుజాల మీద కప్పుకుని. నాకెవరూ ఇవ్వలేదే అని కొంచెం నొచ్చుకున్నాను. క్యూ చివర నిలబడితే నాకు ఇంటికొచ్చినట్టుంటుంది. నిలబడ్డాను. వెనక వచ్చిన ఇద్దర్ని, పాపం వణుకుతున్నారని, ముందుకు పంపాను కూడా.

"చాలాసేపు పడుతుందా?" అడిగాను ముందున్నాయన్ని.

"పది నిమిషాలకొకటి వస్తుందట."

ఏమిటి వస్తుందని అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది.

ట్రాక్టరొచ్చింది. మిగతా దూరం దీని మీదే కాబోలు, ఎంత దయగా ఏర్పాట్లు చేశారో అనుకున్నాను. ట్రాలీ మీదున్నావిడ చెయ్యి చాచింది. చాచిన చేతిని కాదనడం మర్యాద కాదు. కుడికాలు ఎత్తాను.

"లెనర్డ్."

మూడొందలమంది పిల్లల్ని కూర్చోబెట్టే గొంతు. కుంటుకుంటూ పావుమైలు వెనక్కి వచ్చింది డోరీన్.

"ఆ కాలు కింద పెట్టు."

"ఆవిడ చెయ్యి చాచింది, డోరీన్. బాగుండదు."

"రెండేళ్లుగా ఈ ట్రాక్టరు వెనకభాగమే చూస్తున్నా. నా మోకాలికి ఇంకో జనవరి లేదు. దించు."

"ఎక్కుతావా లేదా నాయనా? వెనక జనమున్నారు," అంది ట్రాలీ ఆవిడ.

క్యూకి అడ్డం పడ్డానన్న భయంతోనే కాలు దానంతటది దిగింది. నా వెనకున్న ఆరుగురికీ విడివిడిగా క్షమాపణ చెప్పాను. డోరీన్ నా చొక్కా కాలరు పట్టుకుని లాక్కుపోయింది.

చివరి గోడ దగ్గరికి చేరేసరికి రెండింటికి పన్నెండు నిమిషాలు. గోడ ముందు ఇంకో క్యూ. ఈసారి గోడ కోసమే. నలభైమంది. గోడ మీద కూర్చుని గారెత్, బెత్ చేతులూపుతున్నారు.

"వరసలో ఉంటే అందుకోలేం," అన్నాను.

డోరీన్ మోకాలు రొట్టెలా పొంగింది. ఆమె క్యూ పొడవు చూసి, తల దించుకుంది. ఆ దించుకోవడం నేను భరించలేకపోయాను. చెయ్యి పట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, క్యూ పక్కనుంచి ముందుకు నడిచాను.

"క్షమించండి. మోకాలు. క్షమించండి."

ఎవరూ అరవలేదు. పసుపు టోపీ పెద్దావిడ మాత్రం నాలుకతో "చ్చ్" అంది. చెరువులన్నీ కలిపినా అంత చల్లగా లేవు.

గారెత్ పైనుంచి లాగాడు. నేను కింద భుజమిచ్చాను. డోరీన్ ఒక కాలు నా తల మీద పెట్టింది. గడువు దాటిన పుస్తకాల బెంగ తప్ప ఏనాడూ ఏమీ మోయని తల అది.

గడువుకి నిమిషన్నర ఉండగా నలుగురం గేటు దాటాం. డోరీన్ గడ్డిమోపు మీద కూలబడి లాడాన్ని అటూ ఇటూ తిప్పింది.

"తుప్పు పట్టింది," అంది.

"మార్చి ఇమ్మననా?"

"ముట్టుకున్నావంటే చంపుతా."

నేను గేటు పక్కనే నిలబడ్డాను. పసుపు టోపీ ఆవిడ రెండూ పది దాటాక వచ్చింది, చేతులు ఖాళీగా. నా లాడం ఆవిడ ముందుకు చాచాను.

ఆవిడ దాన్ని నా వైపే తోసింది. "నువ్వు వరసలో దూరకపోయినా మాకు అందేది కాదులే నాయనా. ఉంచుకో," అంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"కానీ, దూరావు."

గడ్డిమోపు మీద డోరీన్ మోకాలు పట్టుకుని, నొప్పికో నవ్వుకో, ముందుకు వంగిపోయింది.