కొలతలమ్మ బిగించిన నట్టు

ఆ వీధిలో ఆమెను అందరూ కొలతలమ్మ అంటారు. ముప్ఫై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. మనిషి గుమ్మంలోకి రాగానే నడుము ఎన్ని అంగుళాలో చూపుతోనే చెప్పేస్తుంది. చెప్పేసి, మళ్లీ టేపు పెట్టి చూస్తుంది. నన్నడిగితే ఆమె గొప్పంతా ఆ రెండో పనిలోనే ఉంది.

ఓ రోజు ఆమె పాత కారు మలుపు తిప్పినప్పుడల్లా ముందుచక్రం దగ్గర టక్కుమనసాగింది. మెకానిక్ కింద దూరి చూశాడు. స్టీరింగు తిప్పితే చక్రాన్ని లాగే కడ్డీ ఒకటుంటుంది, దాని చివరి కీలు అరిగిపోయిందట.

"మార్చాలమ్మా. నాలుగు రోజుల దాకా నాకు ఖాళీ లేదు. అందాకా బండి తీయకండి."

నాలుగు రోజులా! ఎల్లుండి పొద్దున్నే అక్కను డయాలిసిస్‌కు తీసుకెళ్లాలి. ఒక్కసారి తప్పినా అక్క ఊపిరందక కూలబడుతుంది. తిరిగొచ్చేటప్పుడు దారంతా వాంతులే, అద్దెబండి వాళ్లు మొహం చాటేస్తారు.

"అయితే నేనే మార్చుకుంటాలే."

"ఇది కుట్టుమిషను కాదమ్మా."

"ఆ మిషను పాడైతే విప్పి బాగుచేసేది ఎవరనుకున్నావు, నేనేగా."

మర్నాడు కొత్త కీలు కొనితెచ్చి, ఇంటిముందు బండిని జాకీతో లేపి, కింద గట్టి స్టాండ్లు పెట్టింది. విప్పేముందు కీలు ఎక్కిన మర మీద కుట్టుసుద్దతో గీత గీసింది. పాత కీలు పంతొమ్మిది చుట్లకు ఊడివచ్చింది. కొత్తదాన్నీ సరిగ్గా పంతొమ్మిది చుట్లే తిప్పింది. అన్ని చుట్లే తిప్పితే చక్రం వంకరపోదని ఆమెకెవరూ చెప్పలేదు. విప్పిన కుట్టును ఎక్కడ విప్పామో అక్కడే వేయాలని మాత్రం ఆమెకు బాగా తెలుసు.

గుమ్మంలో కూర్చుని అంతా చూస్తున్న అక్క నోరు విప్పింది.

"నువ్వు కుట్టింది కళ్లు మూసుకుని తొడుక్కుంటానే. ఈ బండి మాత్రం ఆ మెకానిక్ చూసేదాకా ఎక్కను."

కొలతలమ్మకు ఒళ్లు మండింది. పొద్దుటినుంచి నడుము విరిగేలా చేసింది ఎవరి కోసమట! చేతులు కడుక్కుంటుంటే కోపం దిగింది. ఒకసారి తొడిగి చూడకుండా తన కొట్లోంచి ఏ బట్టా బయటికి పోలేదు. నడుచుకుంటూ షెడ్డుకు వెళ్లింది.

"చేయడానికి ఖాళీ లేదన్నావు. చూడ్డానికి పది నిమిషాలుంటాయా?"

మెకానిక్ వచ్చాడు. చక్రం ఊపాడు, గీత చూశాడు, చుట్ల లెక్క అడిగి తలూపాడు. కీలు కదలకుండా పట్టుకునే నట్టు మీద రెంచీ పెట్టేసరికి అది ఇంకో పావుచుట్టు తిరిగింది.

"ఇదేంటమ్మా, వదులుగా వదిలేశారు?"

"కాస్త వదులుండాలని... మరీ బిగిస్తే పిగిలిపోతుందేమోనని."

"బట్టకు ఊపిరాడాలి గానీ, దీనికి ఊపిరాడితే మన ఊపిరి పోతుంది."

ఆమె మొహం పాలిపోయింది. గుమ్మంలో ఉన్న అక్క వైపు చూడలేకపోయింది. మెకానిక్ బిగించబోయి ఆగి, రెంచీ ఆమెకే అందించాడు.

"మీరే బిగించండి. మిగతాదంతా నేను చేసినట్టే ఉంది."

ఇక తిరగనంతవరకు బిగించింది. స్టాండ్లు తీసి, బండిని కిందికి దించి లేచేసరికి ముందు సీట్లో అక్క కూర్చుని ఉంది.

"ప్రయాణం రేపు కదే," అంది కొలతలమ్మ.

"తెలుసులే. తొడిగి చూడొద్దూ? పద, వీధి చివరిదాకా వెళ్లొద్దాం."